లేని దోవకు కాపలా

పోయిన శనివారం పొద్దున అయివోరమ్మ ఫోన్ చేసింది. ఆమె నాకు ఫోన్ చేయడం అరుదు. ఏదన్నా పనుంటే అయివోరే చేసేవారు. "పాపా, మీ అయివోరు ప్రభువు కాడికి పోయినారమ్మా," అంది. గొంతులో ఏడుపు లేదు. నేను నోరు తెరిచేలోపే, "నువ్వు ఇంటికి తర్వాత వద్దువు. ముందు మలుపు కాడికి పో. ఈయన లేరు గదా, ఎవురన్నా పర్రలోకి దిగినారేమో చూడు," అంది.

మనిషి ఇంకా మంచం మీదే ఉన్నారు. నిద్రలోనే పోయారట. బంధువులకు కబురు వెళ్ళలేదు, పాస్టరుగారికి చెప్పలేదు. ఆవిడకు ముందు గుర్తొచ్చింది మలుపు. మూడేళ్ళుగా ఆ మలుపునీ, అక్కడి కుర్చీనీ, ఆ కుర్చీలో కూర్చునే మొగుణ్ణీ ఆవిడ తిట్టని రోజు లేదు. నేను ఇంకేమీ అడగకుండా చెప్పులు వేసుకుని పరిగెత్తాను.

అయివోరంటే మా వైపు బడిపంతులు. జిల్లాలు విడగొట్టి మమ్మల్ని ఇంకో జిల్లాలో కలిపారు గానీ, ఎవరన్నా అడిగితే మేం ఇప్పటికీ నెల్లూరోళ్ళమనే చెప్పుకుంటాం. మా ఊరు పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది, మేం చెరువంటాం. నాకు దొరవారిసత్రంలో చిన్న జిరాక్సు, నెట్టు అంగడి ఉంది. మా నాన్న పడవ మీద చేపలు పట్టేవాడు. నాకు అక్షరాలు నేర్పింది అయివోరే. నలభై దాటినా ఆయనకు నేను పాపనే. అంగడికి వచ్చినప్పుడల్లా, పదిమంది ఉన్నా సరే, "పాపా, ఆ బోర్డు మీద 'ఇచ్చట'ను 'ఇచ్ఛట' అని ఎందుకు రాయించినావు?" అని అడిగేవారు. మూడుసార్లు బోర్డు మార్పించాను. ఇప్పుడున్నది తప్పుల్లేని బోర్డు, అంత మాత్రం చెప్పగలను.

ఆయన మలుపు దగ్గర ఎందుకు కూర్చునేవారో చెప్పాలంటే పర్ర గురించి చెప్పాలి. వానలు పడ్డాక చెరువు నిండుగా ఉంటుంది. ఎండలు ముదిరేకొద్దీ నీళ్ళు వెనక్కి పోయి ఉప్పు పేరిన తెల్లటి నేల మైళ్ళకు మైళ్ళు బయటపడుతుంది. దాన్నే పర్ర అంటాం. ఏప్రిల్, మే నెలల్లో అది గట్టిపడి సిమెంటు గచ్చులా ఉంటుంది, ట్రాక్టరు పోయినా కుంగదు. జనవరి, ఫిబ్రవరిలో మాత్రం పైన అప్పడమంత పొర ఎండి ఉంటుంది, కింద నడుం లోతు అడుసు. మాకు చూస్తే తెలుస్తుంది. కొత్తవాళ్ళకు రెండూ ఒకటే తెలుపు.

పర్రకు ఆవల ఒక దీవి ఊరు ఉంది. అయివోరు ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఊరి బడిలో పనిచేశారు. బడికంతటికీ ఆయనొక్కరే. నీళ్ళున్నన్నాళ్ళూ మా నాన్న పడవలో పోయేవారు, నీళ్ళు పోయాక మోపెడ్ మీద పర్రకు అడ్డంగా పోయేవారు. రోడ్డు మీద పోవాలంటే చుట్టూ తిరిగి గంటన్నర. పర్ర మీద అయితే పావుగంట కూడా పట్టదు. ఉద్యోగం ఆఖరి రెండేళ్ళలో, హాజరు ఫోన్లో వేయాలన్నారు పైవాళ్ళు. బడి ముందు నిలబడి ముఖం చూపించాలి, తాము ఎక్కడున్నదీ ఫోనుకు తెలుస్తూ ఉండాలి. టచ్ ఫోనంటే ఆయనకు పామంత భయం. నేనే కొనిపెట్టి, అన్నీ సరిచేసి, "దీన్ని ఆపకండి సార్, ఆపితే మీ హాజరు పడదు," అని గట్టిగా చెప్పాను. ఆయన మాట తప్పే మనిషి కాదు. పొద్దున సాయంత్రం పర్ర దాటేటప్పుడు చొక్కా జేబులో ఆ ఫోను కళ్ళు తెరుచుకునే ఉండేది.

ఆయన రిటైరైన ఎండాకాలంలో ఒకరోజు అంగడికి వచ్చి, జేబులోంచి చిన్నపిల్లవాడిలా ఫోను తీసి చూపించారు. మ్యాపులో మా మలుపు నుంచి దీవి దాకా సన్నటి తెల్లగీత. "మన దోవ పడింది పాపా," అన్నారు. ఆ ముఖంలో వెలుగు నాకింకా కనబడుతూనే ఉంది. ఇరవై ఏళ్ళు అర్జీలు పెట్టినా రోడ్డు రాని చోట, ఆయన మోపెడ్ తిరిగిన చారను పట్టుకుని ఎవరో రోడ్డు గీశారు. అప్పుడే ఫోను ఒక ప్రశ్న అడిగింది: "ఇక్కడ రోడ్డు ఉందా?" కింద మూడు గళ్ళు. ఉంది, లేదు, తెలియదు. ఆయన నా వైపు చూశారు. బయట మే నెల ఎండ మండిపోతోంది. ఆ పొద్దునే ఆయన దాని మీదుగా దీవికి పోయి వచ్చారు. "నొక్కండి సార్, ఉంది గదా," అన్నది నేనే. నొక్కారు. "ధన్యవాదాలు" అని వచ్చింది. ఆ రోజు అంగట్లో ఉన్నవాళ్ళందరికీ ఆయన టీ ఇప్పించారు.

ఆ తర్వాత వచ్చిన జనవరిలో పక్షులు చూడటానికి మద్రాసు నుంచి వచ్చిన ఒక కారు పర్రలో తలుపుల దాకా దిగబడింది. రెండోది ఒక వ్యాను. ఊళ్ళో నవ్వుకున్నాం. పట్నం వాళ్ళకు నేల తెలియదని, కళ్ళు ఫోన్లో పెట్టుకుని తిరుగుతారని ఎగతాళి చేశాం. అయివోరు నవ్వలేదు. కానీ అప్పటికి ఆయనా మలుపుకు పోయి ఎవరినీ ఆపలేదు.

మూడోది అంబులెన్సు. దీవిలో ఆయన దగ్గరే చదువుకున్న పిల్ల, మొదటి కాన్పు, నొప్పులు వస్తున్నాయని ఇంట్లోవాళ్ళు ఫోన్ చేశారు. డ్రైవరు కొత్తవాడు, ఎక్కడో దూరం నుంచి వచ్చినవాడు. ఫోను అతనికి రెండు దోవలు చూపించింది. ఒకటి గంట ఇరవై నిమిషాలు, ఇంకొకటి పద్నాలుగు నిమిషాలు. అవతల ఒక ప్రాణం కోసం పోతున్న మనిషి ఏది పట్టుకుంటాడు? పర్ర మధ్యలో బండి కూరుకుపోయింది. చివరికి మా నాన్న చెరువులో నీళ్ళున్న వైపుగా పడవ తిప్పి ఆ పిల్లను ఒడ్డుకు తెచ్చాడు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. వేళకు వచ్చి ఉంటే దక్కేదో లేదో చెప్పలేమని డాక్టరమ్మ అందట. ఆ మాట ఎవరికీ ఓదార్పు కాలేదు, అయివోరికి అసలే కాలేదు.

రెండు రోజుల తర్వాత అంగడికి వచ్చారు. గడ్డం గీసుకోలేదు. ఆయనను అలా చూడటం అదే మొదలు. స్టూలు మీద కూర్చుని, ఫోను తీసి నా ముందు పెట్టారు. "ఆ దోవ గీసింది నేను పాపా," అన్నారు.

కాదని చెప్పబోయాను. మీరొక్కరే పోయారా, ట్రాక్టర్లు పోలేదా, చేపల వ్యాపారుల బండ్లు పోలేదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "నేను అబద్ధం చెప్పలా. మే నెల్లో అడిగింది, మే నెల్లో ఉంది. ఉందా అని అడిగింది గానీ, ఎప్పుడు ఉంటదని అడగలా. నేనన్నా చెప్పొద్దా? అయివోరినై ఉండి, సగం జవాబు రాసొచ్చినాను." ఫోను తిరిగి జేబులో పెట్టుకుంటూ, "అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మీకు ఎన్నిసార్లు చెప్పుంటాను," అన్నారు. నొక్కమన్నది నేనని ఆయన అనలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు.

ఆ రోజు మొదలైంది మా అర్జీల బాగోతం. మ్యాపు వాళ్ళకు ఉత్తరం రాయాలన్నారు. అడ్రసు అడిగారు. లేదన్నాను. ఆఫీసరు పేరు అడిగారు. లేదన్నాను. ఫోను నంబరు? అదీ లేదు. "ఇంత పెద్ద కంపెనీకి గుమ్మం లేదా?" అని ఆశ్చర్యపోయారు. ఉన్నదల్లా తెర మీద ఒక చిన్న గడి, "తప్పును తెలియజేయండి" అని. అందులో ఆయన చెబుతుంటే నేను కొట్టేదాన్ని. "గౌరవనీయులైన మ్యాపు అధికారి గారికి, నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టేవారు. అంత చోటు లేదు సార్ అంటే ఒప్పుకునేవారు కాదు. మర్యాద తీసేసి మిగతాది పట్టించమనేవారు, మళ్ళీ చదివి మర్యాద కలపమనేవారు. పది రోజులకు జవాబు వచ్చేది: మీ సూచనకు ధన్యవాదాలు, దీన్ని ఆమోదించలేకపోయాం. ఆమోదించలేకపోవడానికి కారణం ఉండేది కాదు. కింద సంతకం ఉండేది కాదు. నాకు ఒళ్ళు మండేది. ఆయనకు మాత్రం ఆశ చావలేదు. అడగందే అమ్మయినా పెట్టదు, ఇంకోసారి అడుగుదాం పాపా అనేవారు. నేను విసుక్కుంటూనే మళ్ళీ కొట్టేదాన్ని.

ఒక్కసారి మాత్రం ఆమోదించారు. వానల కాలంలో ఒక పొద్దున చూస్తే గీత మాయమైంది. ఆయన మోపెడ్ వేసుకుని నేరుగా దీవికి పడవ ఎక్కే రేవుకు పోయి, ఆవలికి దాటి, ఆ బిడ్డను పోగొట్టుకున్న పిల్లకు ఫోను తెరిచి చూపించి వచ్చారట. ఆ పిల్ల ఏమందని అడిగితే, "అన్నం పెట్టింది," అన్నారు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. పర్ర గట్టిపడింది. మావాళ్ళు ఎప్పటిలాగే బండ్లేసుకుని అడ్డంగా దాటడం మొదలుపెట్టారు, ప్రతి ఒక్కడి జేబులో ఫోను. అప్పుడు అయివోరు ఒక పని చేశారు. ఊళ్ళో ఎవరికీ తట్టని పని. ఇల్లిల్లూ తిరిగి, ఫోన్ల చార పడితే గీత మళ్ళీ లేస్తుంది, పర్ర దిగేటప్పుడు ఫోను ఆపమని అడిగారు. గట్టు మీద ఆపి, ఆవల ఎక్కాక మళ్ళీ పెట్టుకోండి, అంతే అన్నారు. చర్చిలో ప్రకటనలప్పుడు లేచి చెప్పారు. మా జాలర్ల వాడకు పెద్ద అయిన పెద్దకాపు దగ్గరకు వెళ్ళి చెప్పారు. మా వాళ్ళకు ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో కట్టుబాటు ఉంది, అది తప్పినవాడికి ఊళ్ళో ముఖం చెల్లదు. అయివోరి మాట కాదనలేక పెద్దకాపు దాన్నీ కట్టుబాటు చేశాడు. దండోరా వేశారు. పర్రలోకి ఫోను తెరిచి దిగరాదు, దిగితే తప్పు అని.

నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి. గుళ్ళో చెప్పులు విడిచినట్టు పర్ర గట్టున ఫోన్లు విడవాలంట అని ఒకరికొకరం చెప్పుకున్నాం. అయినా చాలామంది విన్నారు. ఆడవాళ్ళు బాగా విన్నారు. కానీ చేపలు ఎత్తుకుపోవడానికి చిల్లకూరు వైపు నుంచి వచ్చే బండ్ల వాళ్ళకు మా కట్టుబాటు ఏం తెలుసు? వాళ్ళ ఫోన్లు పాటలు పాడుకుంటూ పోయేవి. జూన్ కల్లా గీత మళ్ళీ లేచింది. అయివోరు ఆ గీతను చూసి, "ఊరు కట్టుబాటు పెడితే ఊరు వింటది. ఇది ఎవురి మాట వింటదో తెలీటంలా," అన్నారు. అప్పటి నుంచి అర్జీలు తగ్గించారు. కుర్చీ వేశారు.

మలుపు ఆయన ఇంటికి ఒక కేక దూరం. గట్టు మీద తుమ్మచెట్టుకు పాత గొడుగు కట్టి, దాని కింద బడి నుంచి వేలంలో వచ్చిన ఇనప కుర్చీ, బండ్లు దిగే చోటికి అడ్డంగా వేసుకున్నారు. పక్కన బోర్డు, తన చేతి రాతతో: "దోవ లేదు. అడుసు. వెనక్కు పొండి." గుండ్రటి అక్షరాలు, మాకు పలక మీద దిద్దబెట్టిన అక్షరాలే. బోర్డు చదివినవాళ్ళు తక్కువ. అందరూ ఫోను చూసుకుంటూ వచ్చేవాళ్ళే. అందుకని ఆయన లేచి చేతులు అడ్డం పెట్టేవారు. అరవవాళ్ళ కోసం ఆ బోర్డు మాటనే వాళ్ళ భాషలో "వళి ఇల్లై, తిరుంబి పోంగ" అని నేర్చుకున్నారు. దాన్ని కూడా ఒక్క అక్షరం పోనీకుండా, బడిపిల్లలకు చెప్పినట్టు నిదానంగా పలికేవారు.

వాదించేవాళ్ళు ఉండేవారు. ఫోన్లో ఉంది కదండీ అనేవాళ్ళు. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. కళ్ళద్దాల కుర్రాడొకడు కారు దిగి, తెర ఆయన ముఖం ముందు పెట్టి, ఇదిగో చూడండి తాతగారూ, పద్నాలుగు నిమిషాలు అన్నాడు. "ఆ దోవ గీసింది నేనే నాయినా," అన్నారు అయివోరు. "నేనే చెప్తన్నా, లేదు." ఆ కుర్రాడు కారులో ఉన్నవాళ్ళ వైపు తిరిగి, తల దగ్గర వేలు తిప్పి చూపించాడు. అయినా బండి వెనక్కి తిప్పాడు. తిప్పాడు కదా, నాకు కావలసింది అదే పాపా అన్నారు అయివోరు. నాకైతే ఆ వేలు విరిచేయాలనిపించింది.

అయివోరమ్మ ఊరుకునేది కాదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సాధించేది. రిటైరైన మొగుడు ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకుంటాడనుకుంటే గేటు లేని చోట గేట్‌మ్యాన్ అయ్యాడనేది. ఆవిడ కోపం వట్టిదేం కాదు. ఆదివారం ఆరాధన మధ్యలోనైనా, ఇంట్లో ప్రార్థన మధ్యలోనైనా, మలుపు వైపు నుంచి హారన్ వినబడితే చాలు, ఆయన కళ్ళు కూడా తెరవకుండా లేచి చెప్పులు వెతుక్కునేవారు. మేమంతా కళ్ళు మూసుకునే ఉండేవాళ్ళం. ఆయన చెప్పుల చప్పుడు గట్టు వైపు పోవడం వినబడేది. ఎవరమూ వెంట లేచేవాళ్ళం కాదు. అది ఆయన పని అని మాకు అలవాటైపోయింది. దానికి నాకిప్పుడు సిగ్గేస్తోంది.

ఒక ఏడాది, ఆయన వెనక్కి పంపిన కుటుంబం ఒకటి ఊరికి పోయాక ఆ మలుపును మ్యాపులో ఒక స్థలంగా పెట్టింది. "తాతను అడగండి" అని పేరు, గొడుగు కింద ఆయన ఫోటో. తెరిచి ఉండు వేళలు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు. దాన్ని కంపెనీ ఒక్క రోజులో ఆమోదించింది. ఆయన అర్జీలను అన్నిసార్లు తోసిపుచ్చినవాళ్ళు ఆయన కుర్చీని ఒక్క రోజులో ఆమోదించారు. నేను అంగట్లో కూర్చుని చాలాసేపు ఎవరి మీదో తెలియని కోపంతో ఊగిపోయాను. ఆయనకు చూపిస్తే నవ్వారు. జనం నక్షత్రాలు ఇస్తారు సార్, మీకు నాలుగున్నర వచ్చాయన్నాను. "ఆ అర ఎందుకు తగ్గించినారు?" అన్నారు వెంటనే. వెతికి చూస్తే, మధ్యాహ్నం వెళ్ళాం, తాత లేరు అని ఎవరో మూడు నక్షత్రాలే ఇచ్చారు. ఆ మర్నాటి నుంచి ఆయన అన్నం క్యారియర్ మలుపుకే తెప్పించుకున్నారు. దానికీ తిట్లు తిన్నారు.

శనివారం నేను మలుపుకు చేరేసరికి కుర్చీ ముందు ఒక కారు ఆగి ఉంది. మద్రాసు నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం, మెడలో బైనాక్యులర్లు. తాత ఆరింటికి వస్తారని ఉంది, అందుకే చూస్తున్నాం అన్నారు. ఆయన లేరని, ఇక రారని చెప్పాను. ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వాళ్ళు కారు తిప్పుకుంటుంటే చూశాను, పర్రలో దూరంగా ఒక మోటారుసైకిలు, ఇద్దరు మనుషులు. ముందే దిగేశారు. చక్రం పొరలోకి దిగుతూ లేస్తూ పోతోంది. నేను గట్టు దిగి, కేకలేస్తూ పరిగెత్తాను. మోకాళ్ళ దాకా అడుసులో పడుతూ లేస్తూ వాళ్ళను అందుకున్నాను. ముగ్గురం కలిసి బండిని తోసుకుంటూ వెనక్కి తెచ్చాం. వాళ్ళు నాకు దండం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ కాళ్ళతోనే ఆయన ఇంటికి పోయాను. వసారాలో పడుకోబెట్టారు. తెల్ల చొక్కా వేశారు. నా కాళ్ళ మీది అడుసు చూసి అయివోరమ్మ, "దిగినారా?" అని అడిగింది. తెచ్చేశానని చెప్పాను. అప్పుడు ఏడ్చింది ఆవిడ. నేను ఆయన పక్కన కూర్చున్నాక నడుం దగ్గర ఏదో వేడిగా తగిలింది. నా ఫోను. చీర కుచ్చెళ్ళ దగ్గర దోపుకునే ఉన్నాను. ఆపలేదు. పోయిన దూరం, వచ్చిన దూరం, అంతా అది చూస్తూనే ఉంది. ఆయన ముందు కూర్చుని, ఆయన చెరపాలనుకున్న గీత మీద నేనింకో గీత గీసి వచ్చానని అర్థమైంది. పోయినవాళ్ళ ముందు ఏడిస్తే పోయినవాళ్ళ కోసమే అనుకుంటారు. నేను నా తెలివితక్కువతనానికి ఏడ్చాను.

ఆదివారం మట్టి చేశాం. దీవి నుంచి ఆ పిల్ల పడవ మీద వచ్చింది. చంకలో ఏడాది బిడ్డ, రెండో కాన్పు. గోతిలో గుప్పెడు మన్ను వేసి, బిడ్డ చేత కూడా వేయించింది. నాతో ఏదో మాట్లాడుతుందేమో అనుకున్నాను. "అయివోరు నా కాడికి వచ్చినప్పుడల్లా తప్పైంది తల్లీ అనేవారక్కా," అంది. "ఆ మాట అనొద్దని చెప్పలేకపోయినాను. చెప్పుండాల్సింది."

సోమవారం నా ఫోను నన్ను అడిగింది. "మీరు ఈ మధ్య ఇక్కడికి వెళ్ళారు. ఇక్కడ రోడ్డు ఉందా?" అవే మూడు గళ్ళు. లేదు అని నొక్కాను. ధన్యవాదాలు అంది. మళ్ళీ తెరిచి చూస్తే గీత అక్కడే ఉంది. దాని మొదట్లో ఆయన ఫోటో, "ఇప్పుడు తెరిచి ఉంది" అని పచ్చ అక్షరాలు. ఈ స్థలం శాశ్వతంగా మూతపడిందా అని అడిగే చోటు కూడా ఉంది. వేలు దాని దాకా తీసుకుపోయి ఆగాను. మూసిందని చెబితే బండ్లు అక్కడ ఆ కాసేపు కూడా ఆగవు. మూయలేదని వదిలేస్తే, లేని మనిషి కోసం వచ్చి నిలబడతాయి. అంగడి వదిలి నేను కూర్చోగలనా? నా పిల్లల ఫీజులు ఎవరు కడతారు? పక్కూరి అన్నను అడిగాను, రెండు రోజులు కూర్చుంటానన్నాడు. ఆ తర్వాత? ఫోను పక్కన పడేశాను.

మంగళవారం మధ్యాహ్నం ఇంటి ముందు పందిరిలో ఆయన కోసం ఆదరణ కూడిక జరిగింది. కూర్చుంటానన్న అన్న కూడా ప్రార్థనకని అక్కడి నుంచి లేచి వచ్చి మా వెనకే కూర్చున్నాడని మాకు తెలియదు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం. మలుపు వైపు నుంచి హారన్ మోగింది.

ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. నిజం చెబుతున్నాను, చెప్పుల చప్పుడు కోసం విన్నాను. పందిట్లో అందరూ దాని కోసమే విన్నారని తర్వాత ఒకరికొకరం చెప్పుకున్నాం. రెండోసారి మోగింది, ఈసారి కొంచెం పొడుగ్గా. పాస్టరుగారి గొంతు ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే అందరూ కళ్ళు తెరిచే ఉన్నారు, అందరూ ఆయన కూర్చునే చోటు వైపే చూస్తున్నారు.

మూడోసారి మోగలేదు.

"దిగేసినారు," అంది అయివోరమ్మ. "లేవండి."

పందిరి మొత్తం లేచింది. గట్టెక్కేసరికి గొడుగు ఉంది, కుర్చీ ఉంది, కుర్చీని ఒరుసుకుంటూ రెండు టైరు చారలు పర్రలోకి పోయాయి. దూరాన తెల్లటి నేల మీద తెల్ల కారు పక్కకు ఒరిగి ఆగిపోయింది. దాని పక్కన చిన్నా పెద్దా ఐదారుగురు నిలబడి మా వైపు చేతులూపుతున్నారు. నేను గట్టు దిగబోతూ ఆగి, నడుం దగ్గరి ఫోను తీసి ఆయన కుర్చీలో పెట్టాను. నా వెనక వస్తున్నవాళ్ళు అది చూశారు. పాస్టరుగారు జేబులోంచి తీసి పెట్టారు. పెద్దకాపు పెట్టాడు. ఆ రోజుల్లో అందరికంటే ఎక్కువ నవ్విన చేపల అంగడి అక్క పెట్టింది.

అడుసులో కొంత దూరం పోయాక వెనక్కి చూశాను. గొడుగు కింద కుర్చీ నిండా ఫోన్లు ఉన్నాయి. వాటిలో ఎవరిదో మోగుతూ ఉంది.